కాకినాడ ఇంట్లో నా వాటా

కాకినాడలో మా అమ్మమ్మ ఇంటి అరుగు గురించి చెప్పుకోవడమంటే మా వాళ్ళందరికీ మహా ఇష్టం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఓటర్ల జాబితా రాసుకోవడానికి గుమస్తాలు వస్తే, ఆడవాళ్ళు తలుపు చాటు నుంచి ‘ఫలానావారి భార్య’ అని చెప్పి ఊరుకునేవారట. సొంత పేరు చెప్పకపోతే ఓటు లేదన్నారు. అమ్మమ్మ వీధంతా తిరిగి వాళ్ళని పోగుచేసి, ఆ అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా పేరు పైకి చెప్పించిందట. అంతకుముందు ఆడవాళ్ళకి ఓటు కావాలంటూ సభలు జరిగిందీ ఆ ఇంట్లోనే. ఇక్కడ సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో కూర్చుని ఈ కథ మా అమ్మాయికి ఎన్నిసార్లు చెప్పానో. గొప్పలు చెప్పుకోవడంలో నేనేం తక్కువ తినలేదు.

పోయిన ఏడాది మామయ్య ఫోన్ చేశాడు.

“అమ్మడూ, ఇల్లు మా అన్నదమ్ముల పేర్ల మీదకి మార్చుకుంటున్నాం. మీ అమ్మ పోయింది కదా, దాని వాటా నీకొస్తుంది. వదులుకుంటున్నట్టు ఒక్క సంతకం పెట్టి పంపించు. ఊరికే ఫార్మాలిటీ.”

“అలాగే మామయ్యా” అన్నాను. ఇల్లు ఏం చేస్తారని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆడపిల్ల వాటా మాట ఎత్తితే పుట్టింటితో రాకపోకలు తెగిపోతాయని మా ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు గానీ అందరికీ తెలుసు. జురాంగ్ ఐలాండ్ కెమికల్ ఫ్యాక్టరీలో నాది సేఫ్టీ ఉద్యోగం. ఏ కాగితమైనా మూడుసార్లు చదవందే సంతకం పెట్టను. ఇండియన్ హైకమిషన్‌లో అధికారి ముందు ఆ పత్రం మీద మాత్రం ఒక్క ముక్క చదవకుండా పెట్టేశాను.

మొన్న శనివారం ఫ్యామిలీ గ్రూపులో వీడియో వచ్చింది. జేసీబీ అరుగుని పెళ్ళగిస్తోంది. అక్కడ అపార్ట్‌మెంట్లు కడతారట. ఏడుపు ఆపుకోలేకపోయాను.

మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చూసి, తన సింగపూర్ యాసలో అడిగింది. “దే నెవర్ ఆస్క్ యూ, ఆ?”

“అడిగారు. సంతకం పెట్టాను.”

“బట్ వై, మమ్మీ? జస్ట్ సే నో లా.”

మామయ్యని తిట్టుకుందామన్నా నోరు రాలేదు. వాటా వదులుకున్న ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు చీర పెట్టడం మా వైపు మర్యాద. నాకూ సంతకం పెట్టిన నెలలోనే కొరియర్‌లో పంపాడు, ఉప్పాడ చీర. అందిన రోజే కట్టుకుని, ఫోటో తీయించుకుని, చాలా బాగుంది మామయ్యా అని గ్రూపులో పెట్టాను.