జొన్న పిలకల మీద మోపిన నేరం

పశువుల దవాఖానలో డ్రెస్సర్‌గా పనిచేసే మొండయ్యను కోరుట్ల చుట్టుపక్కల 'సెక్షన్ మొండయ్య' అనేవాళ్లు. ఆ పేరు ఊరికే రాలేదు. అంగట్లో ఎవడైనా ఎద్దు తోక మెలిపెట్టాడంటే చాలు, చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ వాడి మీదికి పోయేవాడు. "పందొమ్మిదొందల అరవైలనే చట్టమచ్చింది. పదకొండో సెక్షన్ ఎరుకేనా? పశువును కొట్టుడు, నీడ నీళ్లు ఇయ్యకపోవుడు, తాడు కురుచగ కట్టుడు, అన్ని నేరమే" అని నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. మొదటిసారికి జరిమానా మహా అయితే యాభై రూపాయలని ఆయనకూ తెలుసు. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. జనం భయపడాలంటే కొన్ని దాచుకోవాలి కదా మరి!

అలాంటి మనిషి చేసిన పని ఇది. చెప్పాలంటే చెప్పేవాళ్లకే సిగ్గేస్తుంది, ఇక చేసినవాడి సంగతి ఏమనుకోవాలి.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులన్నిటికీ తాళాలు పడ్డాయి, చౌరస్తాలో టెంటు లేచింది. రోజుకో శాఖ ఏదో ఒక కొత్త నిరసన చూపించాలి. ఒకనాడు పంచాయతీ వాళ్లు నడిరోడ్డు మీద వంట వండారు, మరోనాడు టీచర్లు కబడ్డీ ఆడారు. పశువుల శాఖ వంతు రాగానే, ఆ టెంటుకు పెద్ద తలకాయ అయిన రెవెన్యూ ఆఫీసు సంజీవ్ నవ్వుతూ అన్నాడు: "సర్కారుకు ఎన్ని దరఖాస్తులిచ్చినా ఇనవడుత లేదు. దున్నపోతుకే ఇద్దాం. మీ శాఖకు దున్నపోతులు కరువా?"

దున్నపోతుకు వినతిపత్రం ఇవ్వడం ఆ రోజుల్లో ఊరూరా జరిగిందే. మొండయ్య ఛాతీ విరుచుకుని "నేను తెస్త" అన్నాడు.

తెచ్చింది వెంకటవ్వ పోతును. మగడు పోయాక ఆ ఇంటికి తిండి పెట్టింది ఆ పోతే. దాన్ని బండికి కట్టి కొడుకు సతీశ్ ఇటుక తోలేవాడు. ఇంకెవరడిగినా ఆమె ఇచ్చేది కాదు. "నువ్వుంటవు గద తమ్మీ, నాకేం రంది" అంటూ తాడు తెచ్చి మొండయ్య చేతిలో పెట్టింది.

తొమ్మిదింటికల్లా పోతు చౌరస్తాలో ఉంది. నల్లటి ఒంటికి రెండు పక్కలా సున్నంతో 'సర్కారు' అని రాశారు. ఫొటో తీసే పేపరాయన జగిత్యాల నుంచి రావాలి. బస్సులు బందు కాబట్టి మోటారుబండి మీద వస్తున్నాడట. ఇగో వచ్చె, అగో వచ్చె అంటూనే పన్నెండు దాటింది. భాద్రపదం ఎండ మాడు పగలగొడుతోంది. మనుషులేమో టెంటు కింద, పోతేమో తారురోడ్డు మీద! బర్రె జాతికి చెమట తక్కువ, ఎండపొద్దున నీళ్లల్లో పడకపోతే తట్టుకోలేదు. ఈ మాట రైతులకు చెప్పి చెప్పి మొండయ్య నోరు అరిగింది. అయినా, ఫొటోలో తల పైకి కనబడాలని ముకుతాడును కరెంటు స్తంభానికి కురుచగా కట్టింది ఆయనే. ఓసారి బక్కెట పట్టుకుని లేచాడు కూడా. "సున్నం పోతది మొండన్నా, జర ఆగు" అన్నారెవరో. ఆగి, మళ్లీ కూర్చున్నాడు.

పేపరాయన వచ్చేసరికి ఒంటిగంట. మొండయ్య తాడు విప్పి పట్టుకున్నాడు. సంజీవ్ వినతిపత్రం చదువుతుండగా పోతు ముందుకాళ్లు మడిచి పక్కకు ఒరిగింది. "సర్కారు కూలింది!" అని ఎవరో అరిచారు. జనం చప్పట్లు, ఈలలు. మొండయ్య కూడా నవ్వాడు. అవును, నవ్వాడు. నవ్వుతూనే కిందికి చూశాడు. పోతు నాలుక బయటికి వేలాడుతోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

దవాఖాన అక్కడికి కూతవేటు దూరం. లోపల సెలైన్ సీసాలున్నాయి, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. కానీ సమ్మెలో తాళం తీసినవాణ్ని ద్రోహి అంటారు. "సార్, తీయమంటరా?" అని సంజీవ్‌ను అడిగాడు. పైవాళ్లను అడగాలని సంజీవ్ జగిత్యాలకు ఫోన్ కలిపాడు. ప్రాణం పోతున్న జీవానికి మందు పొయ్యడానికి పర్మిషన్ ఏమిటయ్యా! అరగంటకు 'తీయండి' అని జవాబు వచ్చింది. అప్పటికి పోతు పోయింది.

సాయంత్రం ఎస్సై వచ్చి "దేనితోని సచ్చిందో కాగితం రాసియ్యి" అన్నాడు. సంజీవ్ మొండయ్యను పక్కకు లాగి, "నీ పదకొండో సెక్షనే మన మీదికస్తది. ఉద్యమం బద్నామైతది. నువ్వే ఏదన్న సూడు" అన్నాడు. మొండయ్య చూశాడు. వానల్లేక వాడిన జొన్న పిలకల్లో విషం ఉంటుందని, తిన్న పశువు అప్పటికప్పుడు పడిపోతుందని ఆ సీమలో ఎవరికైనా తెలుసు. 'జొన్న పిలకలు మేయుటచే మరణం' అని రాశాడు. ఆ రోజు ఊళ్లో లేని పశువుల డాక్టరు మర్నాడు ఆయన మాట మీద సంతకం పెట్టాడు. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ పొద్దున పోతును మేపింది వెంకటవ్వే కదా, నేరం ఆమె మీద పడుతుంది కదా అని రాసేటప్పుడు తట్టలేదా? తట్టే ఉంటుంది. తట్టినా రాశాడు.

ఆ తర్వాత మొండయ్య అంగట్లో సెక్షన్ ఎత్తితే ఒట్టు. ఎద్దును ఎవరైనా కొడుతుంటే తేలుకుట్టిన దొంగలా తల దించుకుని పక్క సందులోకి జారుకునేవాడు. వెంకటవ్వ ఎదురొస్తే దారి మార్చేవాడు.

మూడేళ్లకు తెలంగాణ వచ్చింది. జూన్ రెండున అదే చౌరస్తాలో ఉద్యమకారులకు సన్మానం చేశారు. పెద్ద ఫ్లెక్సీ మీద, పోతు తాడు పట్టుకుని మొండయ్య ఫొటో. శాలువా కప్పుతుంటే ఆయన ఆ ఫొటో వైపు చూడలేకపోయాడు. శాలువాతోనే మెట్లు దిగుతుండగా వెంకటవ్వ అడ్డం వచ్చి రెండు చేతులూ జోడించింది.

"ఇన్నొద్దులు నీ మొఖం సూడ శాతగాలే తమ్మీ. ఆ పొద్దు గడియసేపు జొన్న చెలక గట్టుకు ఇడిసిన. మీరు నలుగురు కూడి పెట్టుకున్న కార్యం నా మూలంగ ఆగమాయె. నన్ను మాఫ్ చెయ్యి."

తప్పు చేసినవాడు శాలువా కప్పుకుని నిలబడితే, ఏ పాపం ఎరగని మనిషి దండం పెడుతోంది. ఇంత సిగ్గు ఆయన బతుకులో ఎన్నడూ పడలేదు.

"జొన్న గాదక్కా," అన్నాడు. "ఎండకు పోయింది. నీళ్లు తాపలే నేను. తాళంచెవి జేబుల పెట్టుకొని కూడ తీయలే. కాగితం మీద అబద్ధం రాసిన."

తిడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె ఫ్లెక్సీ వైపు తిరిగింది.

"పోతు పోయినంక బండి అమ్ముకొని సతీశ్ దుబాయి పోయిండు," అంది. "పోయేనాడు, 'అవ్వా, నువ్వే సంపినవ్' అని పోయిండు. మూడేండ్లాయె, నాతోని మాట్లాడడు. నేను జేస్తే ఫోనెత్తడు."

బొడ్డుసంచిలో నుంచి నంబరు రాసిన చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నాకు జెప్తే ఏమస్తది? వానికి జెప్పు."

ఆయన తన ఫోన్‌లో ఆ నంబరు నొక్కాడు. అవతల "ఎవలు?" అన్నాడు సతీశ్.

"నేను, పశువుల దవాఖాన మొండయ్యను. పోతును మీ అవ్వ సంపలే సతీశ్. నేను సంపిన."

మొండయ్య ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఇనవడ్డదో లేదో," అంది వెంకటవ్వ. "ఇంకోపారి జెప్పు."