ఒప్పుకుంటే ఇంటికి పంపుతరా?

జర్మనీ వాళ్లతో యుద్ధం మొదలైందని చేవెళ్ల అంగడిలో చెప్పుకుంటున్న ఏడాది నన్ను మేజిస్ట్రేటు కచేరిలో పనికి పెట్టుకున్నారు. నా భర్త అక్కడే జవానుగా చేసి జ్వరంతో పోయాడు. ఆయన బెల్టు ఇంకొకరికి కట్టి, నాకు ఆడవాళ్ల తలాషీ పని ఇచ్చారు. నేరం మోపి తెచ్చిన మనిషిని కచేరిలో ముల్జిం అంటారు. ఆడ ముల్జిం వస్తే కొప్పు, కొంగు, ఒడి వెతకాలి. పిలుపు వచ్చేదాకా ముల్జింలను పెట్టే హవాలాత్ గదిలో కాపలా ఉండాలి. తర్వాత మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ముల్జింతో కేసు సంగతి మాట్లాడరాదు. మా పైవాడు జమేదారు ఇవన్నీ మొదటి రోజే చెప్పాడు. ఆ తర్వాత ఎన్నడూ నాతో మంచిగా మాట్లాడలేదు.

తలాషీలో దొరికినవి వక్కపలుకులు, తాయెత్తులు. ఒకామె ఒడిలో ఉడికిన గెణుసుగడ్డ దొరికితే పేష్కారు దాన్ని కూడా కాగితంలో ఎక్కించాడు. పేష్కారంటే మేజిస్ట్రేటు పక్కన కూర్చుని కాగితాలు చూసే గుమాస్తా. కచేరి మాట ఉర్దూ కనుక మా తెలుగును ఆయనే ఉర్దూ చేసి చెప్పేవాడు.

మాట్లాడవద్దన్నారు గాని, ముల్జింలు ఊరుకోరు కదా. ఎవరు వచ్చినా అవే అడిగేవారు. ఏలుముద్ర ఎయ్యనంటే కొడ్తరా? వకీలు లేకుంటే జేల్లో ఏస్తరా? జమానత్‌కు ఎవరిని తేవాలె? అందరూ అడిగేది మాత్రం ఒకటే: ఒప్పుకుంటే ఇంటికి పంపుతరా?

మా కులపంచాయతీలో అయితే పంపుతారు. తప్పు ఒప్పుకున్న మనిషి పెద్దల ముందు సాగిలపడి, తప్పు డబ్బు కట్టి, కుండెడు కల్లు పోయిస్తే సరి. తెల్లారి ఆ సంగతి మళ్లీ ఎత్తినవాడిదే తప్పు. అందుకే పనిలో చేరిన కొత్తలో నర్సమ్మ అనే ఆమె అడిగితే, "ఒప్పుకో, తెగిపోతది" అన్నాను. ఆమె ఒప్పుకుంది. మూడు నెలల జైలు పడింది. బండి ఎక్కేటప్పుడు నావైపు చూసింది. నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఏడాది వానకాలంలో మాణెమ్మను తెచ్చారు. హిమాయత్‌నగర్ ఊరి మనిషి, పక్కనే మొయినాబాద్‌లో ఒక దుకాణదారు ఇంట్లో గిన్నెలు తోమేది. ఆ ఇంట్లో వెండి గ్లాసు కనబడలేదని ఈమె మీద పడ్డారు. తోముతున్న చోటి నుంచే తెచ్చారు. ఇంటి దగ్గర రెండు నెలల పిల్ల ఉంది. తలాషీలో ఏమీ దొరకలేదు. రవికె పాలతో తడిసి ఉంది. కాగితంలో దానికి గడి లేదు.

తెల్లారి వాళ్ల కులపెద్ద నడిచి వచ్చాడు. తెల్లని తలపాగా, చేతిలో కర్ర.

"పిల్లను ఎందుకు తేలేదు పెద్దయ్యా?" అన్నాను.

"పంచాయతీకి పసిపిల్ల ఎందుకవ్వా?" అన్నాడు. పిల్ల రాత్రంతా ఏడ్చిందని, గంజినీళ్లు కూడా మింగుతలేదని అదే గొంతుతో చెప్పాడు. తర్వాత మాణెమ్మ వైపు తిరిగి, "ఒప్పుకో బిడ్డా. పొద్దు గూకేసరికి ఇంట్ల ఉంటవు. ఇరువై ఏండ్ల సంది పంచాయతీ చేస్తున్న. ఒప్పుకున్నోళ్లను ఒక్కరినన్న బాధ పెట్టిన్నా?"

"ఈడ కుర్సీల కూసునేది నువ్వు గాదు పెద్దయ్యా" అన్నాను.

"ఎవరైతే ఏంది? పెద్దోళ్లు పెద్దోళ్లే."

మాణెమ్మ ఊచలు పట్టుకుని నన్ను చూసింది. "ఒప్పుకుంటనవ్వా. పిల్ల సస్తది. ఒప్పుకుంటే పంపుతరు గదా?"

గ్లాసు తీశావా అని నేను అడగలేదు. అది నా పని కాదు. నర్సమ్మకు చెప్పినట్టు ఇంకో సలహా చెప్పడానికి నోరు రాలేదు. "నన్నడగకు. పెద్దయ్యనూ అడగకు. ఇదే మాట కుర్సీల ఉన్నాయనను అడుగు. ఒప్పుకోకముందే అడుగు" అన్నాను.

పిలిచారు. నేరం చదివి, ఒప్పుకుంటావా అని పేష్కారు అడిగాడు. మాణెమ్మ చేతులు కట్టుకుని, "ఒప్పుకుంటే ఇయ్యాల్నే ఇంటికి పంపుతరా?" అంది.

"అడిగింది చెప్పు. ఎదురు సవాల్ జేస్తవా?" అని పేష్కారు గసిరాడు.

మేజిస్ట్రేటు ఆమె ఏమన్నదని అడిగాడు. పేష్కారు ఉర్దూ చేసి చెప్పాడు. మేజిస్ట్రేటు కలం సిరా దవాత్ పక్కన పెట్టాడు. ఆయన చెప్పింది పేష్కారు మాకు తెలుగులో చెప్పాడు. ఒప్పుకుంటే ఇంటికి పంపడం ఉండదు, శిక్ష ఉంటుంది. ఇల్లు చేరడానికి ఒప్పుకునేది ఒప్పుకోలు కాదు, దాన్ని రాసుకోరు. చేశావా, చెయ్యలేదా, అంతే చెప్పాలి.

"చెయ్యలేదు" అంది.

ఇంట్లో పాలు తాగే పిల్ల ఉందా అని మేజిస్ట్రేటే అడిగాడు. ఉందని రాయించి, పూచీ పడే మనిషి ఉంటే జమానత్ మీద వదలమన్నాడు. పిలిచిన రోజు ముల్జిం రాకుంటే ఆ మనిషిని పట్టుకుంటారు. పూచీకి కులపెద్ద తప్ప ఎవరూ లేరు. పేష్కారు ఆయన బొటనవేలికి సిరా పూస్తుంటే, "నేనేం తప్పు జేసిన?" అని అడిగాడు. ఏలుముద్ర పడ్డాక ఆ వేలిని తలపాగాకు తుడుచుకున్నాడు.

మాణెమ్మ మధ్యాహ్నమే ఎడ్లబండి ఎక్కి పోయింది. ముల్జింకు ఆ ప్రశ్న ఎవరు నేర్పారని జమేదారు నన్ను అడిగాడు. నేను నీళ్లు ఇచ్చానన్నాను. ఇచ్చాను కూడా.

కేసు పిలిచిన మూడు పేషీలకూ దుకాణదారు రాలేదు. కేసు కొట్టేశారు. గ్లాసు దొరికిందో లేదో నాకు తెలియదు. పేషీలకు మాణెమ్మ పిల్లను తెచ్చుకునేది. ఆమె కన్నా ముందు కులపెద్ద వచ్చి, కచేరి తలుపు తీయకముందే గడప దగ్గర కూర్చునేవాడు.

ఆ పనిలో ఇంకా చాలా ఏండ్లు ఉన్నాను. ఒప్పుకోమని గాని, ఒప్పుకోవద్దని గాని ఎవరికీ చెప్పలేదు. ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో చెప్పాను. నర్సమ్మకు నేను చెప్పింది మా పంచాయతీలో నిజమే. కచేరిలో కాదు.