తెర లేచేదాకా

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో శనివారం సాయంత్రం నాటకాల హాలుకు వచ్చేవాళ్లలో తెర కోసం వచ్చేవాడు ఓరిన్ టటిల్ ఒక్కడే. రంగు మరకల చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు. ఆ తెర అతను గీసిందే. అంచుల వెంట బూట్ల కొట్టు, దగ్గు మందు, శవపేటికల దుకాణం ప్రకటనలు. నడుమ ఒక చెరువు, చెరువులో పడవ, పడవలో వేలెడంత ఆడమనిషి, ఆమె టోపీకి నీలం రిబ్బను. భార్య లవీనియా పోయి పదకొండేళ్లయింది. ఫోటో అంటే సిగ్గుపడి తప్పించుకునేది కనుక ఆమె రూపు మిగిలింది ఆ తెర మీదే. తెర లేవగానే టటిల్ కూడా లేచి వెళ్లిపోయేవాడు. "ఆట ఎగ్గొట్టడానికి టిక్కెట్టు కొనేది మీరొక్కరేనండీ!" అని మేనేజరు ప్రూయిట్ గుమ్మం దగ్గర ఆటపట్టించేవాడు.

ఈ వసంతంలో ప్రూయిట్ ఉషారుగా వచ్చాడు. "టటిల్ గారూ, తెర మీద చెరువున్న చోటు కూడా ప్రకటనకి అమ్ముడుపోయింది! అక్కడ పెద్ద మోటారు కారు బొమ్మ వెయ్యాలి."

"పడవ ఉంచి పక్కన వేస్తే?"

"పడవెందుకండీ, అదేం సరుకు అమ్ముతుందని?"

ఆమె ఎవరో టటిల్ చెప్పలేదు. పరాయి చెయ్యి పడకూడదని తనే నిచ్చెనెక్కాడు. నీళ్లు కప్పాడు, పడవ కప్పాడు, అన్నిటికన్నా చివర నీలం రిబ్బను మీద చక్రం గీశాడు. మరుసటి శనివారం తెర లేచింది. తెరతోపాటు కనుమరుగయ్యేందుకు ఇక ఆమె లేదు; టటిల్ లేవలేదు. ఆట అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

"ఇన్నాళ్లకి మా ఆట నచ్చిందన్నమాట!" అన్నాడు ప్రూయిట్ సంబరంగా.

"బావుంది" అన్నాడు టటిల్.