మా అమ్మను ఇంటికి తెచ్చిన ల్యాబ్ రాజేశం అన్న

నిన్న పొద్దున గీదంలో సిమెంట్ లోడ్ దింపుతుంటే ఫోన్ వచ్చింది.

ల్యాబ్ రాజేశం అన్న పోయాడు. గుండెపోటు.

బస్తా భుజం మీదే ఉంది. దించాలని కూడా తోచలేదు.

అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో చూస్తున్నాను. "సౌమ్యుడు", "ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి" అని రాస్తున్నారు.

అబద్ధం. ఆపండి.

అన్న గొడవ పెట్టుకున్నాడు. మా అమ్మ కోసం పెట్టుకున్నాడు.

కరోనా రెండో ఏడాది. అమ్మకు నాలుగు రోజుల్లో జ్వరం తగ్గింది, దగ్గూ పోయింది. అయినా కోవిడ్ సెంటర్ నుంచి వదల్లేదు. శాంపిల్ తీసిన ప్రతిసారీ రిపోర్ట్ పాజిటివ్. నెగెటివ్ వస్తేనే ఇల్లు అని ఆ సెంటర్ నడిపే పెద్ద సాబ్ రూల్.

నెల దాటింది. అడవిలో ఇప్పపువ్వు రాలుతోంది. అది ఏరుకుంటేనే మాకు ఏడాది గడిచేది. అమ్మ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

అక్కడ శాంపిల్ తీసేది రాజేశం అన్నే. భోపాలపట్నం కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి. ఒకరోజు నేను గేటు దగ్గర అరుస్తుంటే బయటికి వచ్చాడు.

"ఏందిరా నీ లొల్లి?"

"మా అమ్మకు ఏం లేదన్నా. మీ మెషీన్‌కే పాగల్‌పన్ పట్టింది."

"మెషీన్ మంచిదే. దానికి చచ్చిన వైరస్ ముక్క దొరికినా పాజిటివే అంటది. బతికున్నదా, ఇంకొకరికి అంటుకుంటదా అంటే దానికేం ఎరుక?"

అది తేల్చే పరీక్ష వేరే ఉందట. బతికున్న కణాల్లో శాంపిల్ వేసి, వైరస్ పెరుగుతుందా అని చూస్తారట. అది ఎక్కడో పెద్ద సిటీలో ఉంది. పర్మిషన్ అడిగితే సాబ్ కుదరదన్నాడు.

అన్న సిటీ ల్యాబ్‌వాళ్లతో తనే మాట్లాడుకుని, అమ్మ శాంపిల్ ఐస్ డబ్బాలో పెట్టి పంపేశాడు.

జవాబు వచ్చింది. పెరగలేదు.

ఆ కాగితం పట్టుకుని సాబ్ టేబుల్ ముందు నిలబడ్డాడు. సంతకం పడేదాకా కదల్లేదు.

అన్నా నేనూ అమ్మను ఊరికి తీసుకెళ్తే దారికి అడ్డంగా కొమ్మలు. కర్ర పట్టుకుని ఊరి పెద్ద, ముసలి పటేల్.

"నీ కాగితం నాకెందుకు? పాజిటివ్ అన్నది మీరే గదా!"

అన్న పక్కింట్లో అడిగి రెండు గుప్పిళ్లలోనూ గింజలు తెచ్చాడు. ముందు ఒక గుప్పిట తెరిచాడు.

"తాతా, ఇవేంది?"

"వడ్లు."

"మరి ఇవి?"

పటేల్ ఒక గింజ కొరికాడు. "ఇవీ వడ్లే. ఉడకబెట్టి ఎండబోసినయ్. చల్లితే మొలుస్తయా ఇవి, పిచ్చోడా!"

"నువ్వు కొరికి చెప్పినవ్. మా మెషీన్‌కు పండ్లు లేవు తాతా. గింజ కనబడితే వడ్లే అంటది. ఈమె శాంపిల్‌ను సిటీలో చల్లి చూసిన్రు. మొలవలే."

పటేల్ కర్ర పక్కన పడేశాడు. తర్వాత తన చేత్తోనే కొమ్మలు లాగేశాడు.

"పో బిడ్డా. నీ పువ్వంతా ఎలుగ్గొడ్లు తింటున్నయ్."

పర్మిషన్ లేకుండా శాంపిల్ పంపినందుకు అన్నకు మెమో వచ్చింది. క్షమాపణ రాసివ్వమన్నారు. అన్న రాసిచ్చాడు, కానీ క్షమాపణ కాదు. జ్వరం తగ్గినా సెంటర్‌లో ఆగిపోయిన వాళ్లందరి పేర్లు. వీళ్లకూ ఆ పరీక్ష చేయించండి అని కింద ఒక లైను.

ఆ మెమో ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఆ సాబ్ నిన్న దండ తెచ్చాడు. నేను దారి ఇవ్వలేదు. తప్పయితే నాకూ మెమో ఇవ్వండి.

అమ్మ నిన్న తడిగుడ్డతో అన్న మొహం తుడిచింది. చుట్టూ అంతమంది ఉన్నారు. ఆమెను దూరం జరగమని ఒక్కరూ అనలేదు.

ప్రశాంతంగా పడుకో అన్నా. ఇక్కడి కొట్లాట మేం చూసుకుంటాం.