బోర్లించిన ఫొటో

నా చిన్నప్పుడు జంషెడ్‌పూర్‌లోని మా సోనారిలో పొద్దు రెండుసార్లు గుంకేది. మొదట అన్ని ఊళ్ళలోలాగే సూర్యుడు నది అవతలికి దిగిపోయేవాడు. కాసేపటికి ఫ్యాక్టరీలో కొలిమి అడుగున మిగిలిన నిప్పుల మడ్డిని, అంటే స్లాగుని, బళ్ళలో తీసుకెళ్ళి గుట్ట మీద పారబోసేవాళ్ళు. అప్పుడు తూర్పు వైపు ఆకాశమంతా ఎర్రబడేది. క్వార్టరు మెట్ల మీద కూర్చుని నేనూ, నా స్నేహితురాలూ ఆ రెండో సాయంత్రం కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆ వెలుగులో దాని ముఖం కొత్తగా తోమిన రాగి చెంబులా ఉండేది. నా ముఖం ఎలా ఉండేదో అది ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అది మా వెనక వరుస ఇళ్ళలో ఉండేది. వాళ్ళదీ మాదీ శ్రీకాకుళం వైపే. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో పిలిస్తే మేము హిందీలో పలికేవాళ్ళం. పోట్లాడుకున్నా హిందీలోనే, మళ్ళీ కలిసిపోయినా హిందీలోనే. ఇలా ఉండగా వైజాగ్‌లో కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో వాళ్ళ నాన్నకి ఉద్యోగం వచ్చింది. సొంత ఊరికి దగ్గరవుతున్నామని వాళ్ళ అమ్మ ఇంటింటికీ లడ్డూలు పంచింది. నేను మాత్రం నా లడ్డూని ముట్టుకోలేదు. అక్కడ దానికి సముద్రం ఉంటుంది, కొత్త బడి ఉంటుంది, కొత్త స్నేహితులు దొరుకుతారు. నన్ను మరిచిపోవడానికి దానికి ఎన్నాళ్ళు పడుతుంది?

అందుకని మా సోనారిని ఫొటోలు తీసి దాని వెంట పంపాలనుకున్నాను. మా నాన్న దగ్గర ఒక పెట్టె కెమెరా ఉండేది. పుట్టినరోజులకి తప్ప అది బీరువా దిగేది కాదు. నేను బతిమాలగా బతిమాలగా, ఒక రీలు వేసి నా మెడలో తగిలించారు. ఆ వారమంతా నాకు నేల మీద నడిచిన గుర్తు లేదు. ఏరోడ్రోమ్ కంచె దగ్గర నిలబడి చిన్న విమానాన్ని తీశాను. దోముహానీలో రెండు నదులు కలిసేచోట నీళ్ళని తీశాను. మా ఎర్రటి ఆకాశాన్ని తీశాను. అన్ని చోట్లకీ నా స్నేహితురాలు నాతోనే వచ్చింది. కెమెరాకి అడ్డం వస్తోందని నేనే దాన్ని పక్కకి తోసేదాన్ని.

బిష్టుపూర్ స్టూడియో నుంచి ఫొటోలు వచ్చాయి. మా క్వార్టర్ల లైన్లో ఒక అలవాటుండేది. ఎవరింటికి ఫొటోలు వచ్చినా, ఆల్బమ్‌లోకి ఎక్కేముందు అవి చుట్టుపక్కల ఇళ్ళన్నీ తిరగాల్సిందే. పాపాయి ఎవరి పోలికో తేల్చేవాళ్ళు, కళ్ళు మూసుకున్నవాళ్ళని ఆటపట్టించేవాళ్ళు. నా ఫొటోలు అంతదూరం వెళ్ళనే లేదు. మా వరండాలోనే ఆగిపోయాయి. ఎర్రటి ఆకాశం కాస్తా బొగ్గు మసిలా వచ్చింది. “ఇదేటమ్మా, కెమెరా మూత తియ్యడం మర్చిపోనావా?” అన్నారు మా నాన్న. ఆయన సరదాకే అన్నారు గాని అందరూ పగలబడి నవ్వారు. నేను ఎవరి కోసం తీశానో ఆ పిల్ల విమానం ఫొటో అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. “యే క్యా హై? మక్ఖీ?” అంది. ఇదేమిటి, ఈగా అని.

ఫొటోలన్నీ లాక్కుని పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ అమ్మ అంటించిన బొగ్గుల కుంపటి రాజుకుంటోంది. వాటిని అందులో పడేద్దామనే వెళ్ళాను. పక్కింటి అక్క దండెం మీద బట్టలు తీస్తూ గోడ మీంచి నన్ను చూసింది. ఆమె కాలేజీలో చదువుకునేది, అక్కడ ఫొటోల క్లబ్బులో చేరింది. మా లైన్లో అందరికీ ఆమె అంటే ముద్దే గాని, ఆమె చేతికి ఫొటో ఇవ్వాలంటే విసుగు. ఒక్కో ఫొటోని ఎంతసేపో చూసేది, ఈలోగా టీలు చల్లారిపోయేవి.

“ఒలే, ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు అవి ఇలగియ్యి,” అంది గోడ దాటి వస్తూ. నా చేతిలోంచి తీసుకుంది, కానీ చూడలేదు. మెట్టు మీద వరసగా బోర్లించి పెట్టింది. “మా క్లబ్బులో ఇంతే. ముందు బొమ్మ సూడం. తీసినోళ్ళు ఆ రోజు ఏటి సూసేరో చెప్పాల. అది ఇన్నాకే తిప్పుతాం. చెప్పు మరి.”

చీదుకుంటూనే మొదలుపెట్టాను. విమానం చప్పుడు వినగానే నా స్నేహితురాలు నా చెయ్యి గుంజేసిందని చెప్పాను. కంచె వెంబడి పరిగెత్తిందని, రిబ్బను ఊడిపోతున్నా పట్టించుకోలేదని, నోరు తెరుచుకుని పైకి చూసిందని, పైలట్‌కి వినపడుతుందనుకుని కేకలేసిందని చెప్పాను. దోముహానీలో బండ మీద నిలబడి ఏ నీళ్ళు ఏ నదివో పందెం కాసిందని, ఓడిపోయి కూడా ఒప్పుకోలేదని చెప్పాను. చెబుతూ చెబుతూ ఎప్పుడు ఏడుపు మానేశానో నాకే తెలియదు. కుంపటి పొగ మా ఇద్దరి మధ్య మెల్లగా పాకుతోంది. ఆమె ఎక్కడా అడ్డు రాకుండా వింది.

తర్వాత ఒక్కొక్కటీ తిప్పింది. నదిది తిప్పి, “బండల దగ్గర కింద కూకుని తీసినావు కదా, బాగుంది. నీళ్ళు ఎదురొత్తన్నట్టు ఉన్నాయి. అయితే కెమెరా వంకరగా పట్టీసినావు, నదంతా ఓ పక్కకి ఒలికిపోతంది. ఈసారి ఆ ఒడ్డుని సూసి సమానం సేసుకో,” అంది. నల్లటి ఆకాశాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. “దీనికి ఎరుపంటే ఏటో తెలీదే. నలుపు తెలుపు రీలు. నువ్వు ప్రేమగానే అడిగినావు గాని, దాని దగ్గర లేనిది అడిగినావు. దానికి ఏటొచ్చో అది అడగాల,” అంది. ఎరుపుని ఎరుపు తెలియని రీలుతో పట్టుకోబోయాను. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలకి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

చివరగా విమానం ఫొటో తిప్పింది. ఈగ ఎక్కడుందో కూడా వెతకలేదు. ఫొటో కింది మూల మీద వేలు పెట్టింది. అక్కడ తెల్లగా, గాలికి ఎగిరిన రిబ్బను కొస ఒకటి పడింది. నేను పక్కకి తోసినా కొస మాత్రం మిగిలిపోయింది.

“ఈ ఫొటోకి పేణం ఇక్కడుంది,” అంది అక్క. “ఇంతసేపూ నాకు దాని గురించే చెప్పినావు. మరి ఫొటోలో అదేదే?”

నేను విమానాన్ని ప్రేమించాననుకున్నాను, నదిని ప్రేమించాననుకున్నాను. ఆ పిల్ల పక్కన లేకపోతే నేను ఆ కంచె దాకా వెళ్ళేదాన్నే కాదు. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు. నా నోటితో నేనే చెప్పుకునేలా చేసి ఊరుకుంది.

ఇంకో రీలు కావాలని ఆ రాత్రి అన్నం దగ్గర అడిగాను. మా నాన్న నవ్వు ఆపుకుంటూ, “మళ్ళీ ఆ ఈగనే తీత్తావా?” అన్నారు.

“ఈగని కాదు నాన్నా. ఈగని సూసీదాన్ని తీత్తాను,” అన్నాను. మర్నాడు ఆయన డ్యూటీ దిగి స్కూటరు మీద బిష్టుపూర్ వెళ్ళి రీలు తెచ్చారు.

వాళ్ళు బయల్దేరే ముందటి ఆదివారం మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళాం. ఈసారి నేను విమానం వచ్చే దిక్కుకి వీపు పెట్టి నిలబడ్డాను. “ఊపర్ దేఖ్, ఊపర్!” అని అది నన్ను పైకి చూడమని అరుస్తూనే ఉంది. చప్పుడు నా నెత్తి మీదకి వచ్చింది, గడ్డి అంతా పడుకుంది, నీడ ఒకటి మా మీంచి జారిపోయింది. తల ఎత్తాలని మెడ నరాలు లాగాయి. ఎత్తలేదు. కెమెరా అద్దంలోంచి దాని ముఖాన్నే చూస్తూ మీట నొక్కాను.

ఫొటో రాగానే ముందు అక్కకే చూపించాను. ఆమె ఎప్పటిలాగే చాలాసేపు చూసింది. “ఇంకొక్క అడుగు దగ్గరికి ఎల్లుంటే ఇంకా బాగుణ్ణు,” అంది. మెచ్చుకుంటుందని ఎదురుచూసిన నాకు ముందు ఉక్రోషం వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఫొటో తిరిగి ఇచ్చాక ఆ ఉక్రోషం ఎటుపోయిందో.

వాళ్ళ ఇంటి ముందు సామాను ఆటో ఎక్కుతూంటే వెళ్ళి ఫొటోని నా స్నేహితురాలి చేతిలో పెట్టాను. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు తెరుచుకుని, రిబ్బను ఊడిపోతూ, అది పైకి చూస్తోంది. ఫొటోలో విమానం లేదు. అది ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆటోవాడు హారన్ కొట్టాడు, వాళ్ళ అమ్మ కేకేసింది. చివరికి, నాతో ఎప్పుడూ మాట్లాడని తెలుగులో అడిగింది. “నేను నీకు ఇలగ కనబడతానా?”

అవునన్నాను. ఫొటో దానితోనే వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఫోన్లలో ఫొటోలు చూపించడానికి వస్తే, ముందు ఫోను బోర్లించమంటాను. మా మనవరాలు మొన్న సముద్రం ఫొటో తెచ్చింది. ఏం చూశావో చెప్పమంటే, వాళ్ళ నాన్న చెప్పుని అల ఎత్తుకుపోతే ఆయన దాని వెంట ఎలా పరిగెత్తాడో చెప్పి పడీపడీ నవ్వింది. ఫోను తిప్పితే అంతా నీళ్ళే. “మరి మీ నాన్నేడే?” అన్నాను. అది ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది, లేచి ఫోను పట్టుకుని వాళ్ళ నాన్న ఉన్న గదిలోకి పరిగెత్తింది.

ఆ ఆదివారం నా నెత్తి మీంచి వెళ్ళిన విమానం ఏ రంగులో ఉందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.