బందరులో రంజాను పాయసం

ఉప్పెన తరువాత పది రోజులు బందరులో ఖాసింబీ ఇంట్లో తలదాచుకున్నాను. ఖాసింబీ పుట్టిల్లు మా వీధే. ఆమె భర్త మస్తాన్ గారు పరుపులు కుడతారు. ఆయనే బురదలో నడిచి మా ఊరు వచ్చి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ పది రోజులూ ఆమె వండిందే తిన్నాను. తిరిగి ఊరు చేరాక మాత్రం చుట్టాల నోటికి జడిసి, మైల పోవాలని కృష్ణలో మూడు మునకలు వేశాను. ఆ సంగతి ఖాసింబీ చెవిన పడింది. అప్పటినుంచి ఉత్తరం ముక్క లేదు. అందుకే పిలవకపోయినా రంజానుకు వెళ్ళి, ఆమె చేతి వంట మళ్ళీ తిని రావాలని బయలుదేరాను.

అవనిగడ్డలో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కాను. వెంట పెరుగన్నం డబ్బా, మరచెంబుతో నీళ్ళు. దారిలో కొనుక్కు తినే అలవాటు నాకు లేదు. చల్లపల్లి మీదుగా తొమ్మిదింటికల్లా బందరు చేరాను. రిక్షా అతను మరీ ఎక్కువ అడిగాడు, నడిచే వెళ్ళాను.

తీరా చూస్తే ఆ రోజు పండగ కాదు. క్యాలెండరును నమ్మడం నా బుద్ధి తక్కువ. ముందురోజు మబ్బుల్లో నెలవంక కనబడలేదట, అందరూ ఇంకా ఉపవాసంలోనే ఉన్నారు. ఈ పండగ చూడబోయేవారు ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోవాలి.

"రండి వదినగారూ," అంది ఖాసింబీ. మునుపటి నవ్వు లేదు. "కొత్త గిన్నె ఇస్తాను, మీరే వండుకుందురుగాని."

"మీరంతా పస్తుంటే నేనొక్కదాన్నే తింటానా?" అన్నాను. పెరుగన్నం పారెయ్యడానికి మనసొప్పక వీధిలో ఆవుకు పెట్టాను.

సూర్యుడు కుంకాక వాళ్ళతోపాటు ఖర్జూరం నోట్లో వేసుకుని డాబా ఎక్కాను. పండే కదా, మడి అడ్డు రాలేదు. పడమట గోరంత చంద్రుడు కనబడగానే వీధంతా కేకలు. ఆ రాత్రికి ఖాసింబీ నాకు పాలూ పళ్ళూ మాత్రమే ఇచ్చింది.

తెల్లవారి అందరూ తలంట్లు పోసుకుని కొత్తబట్టలు కట్టారు. మస్తాన్ గారు అత్తరు పూసుకున్నాక కూడా గడప దాటలేదు. ముందు ఇంట్లో తలకింత చొప్పున గోధుమలు కొలిచి, వాకిట్లో నిలబడ్డ పేదలకు పోశారు.

"ఇది నమాజుకు ముందే ఇవ్వాలండీ. వాళ్ళ పొయ్యి కూడా వెలగాలి కదా," అన్నారు.

ఎనిమిదింటికి ఈద్గాలో నమాజు. తిరిగొచ్చిన మగవాళ్ళు ఎదురైన వారినల్లా గుండెకు హత్తుకున్నారు. లోపల ఖర్జూరాలు, జీడిపప్పు వేసిన సేమ్యా పాయసం కాగుతోంది. దాన్ని గిన్నెల్లో ఇరుగుపొరుగుకు పంపుతున్నారు. తమ ఇంటి వంట తినని వాళ్ళకు మాత్రం పచ్చి సేమ్యా, పంచదార పొట్లాలు కట్టి ఇస్తారు. ఖాసింబీ నా చేతిలోనూ పొట్లమే పెట్టింది.

"ఇంటికెళ్ళి మడిగా వండుకోండి."

"పొయ్యి మీదున్నది నాకు పనికిరాదా?"

"ఎందుకు పనికిరాదు? మళ్ళీ కృష్ణలో మునగాలి. పెద్దవారు, జలుబు చేస్తుంది."

ఇంకెవరైనా ఆ మాటంటే లేచి వచ్చేసేదాన్ని. "మునగడం తప్పే ఖాసింబీ. చుట్టాలకు జడిశాను," అన్నాను. ఖాసింబీ గరిటె తీసుకుని పాయసం కలపసాగింది. "గిన్నె ఇటు తే. చల్లారితే నేను తినను."

"ఇప్పుడూ హుకుమేనా!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుని గిన్నె నింపింది. రెండుసార్లు వేయించుకున్నాను. పంచదార ఎక్కువైందని కూడా చెప్పాను. అప్పుడు నవ్వింది.

గుడివాడలో మా అమ్మాయిని చూడాలని మధ్యాహ్నం రెండున్నర ప్యాసింజరు ఎక్కాను. ఆకలి రుచి తెలిశాక, ముందు లేనివాడికి కొలిచి ఇచ్చి ఆ తరువాతే దేవుడి దగ్గరకు వెళ్ళే పండగ అది. నాకు నచ్చింది. పెడన దాటాక పక్కనున్నావిడ నా ఒళ్ళో ఖాసింబీ ఇచ్చిన గిన్నె చూసింది.

"నేతి వాసన వస్తోంది, ఎవరింట్లో పెళ్ళండీ పెద్దమ్మగారూ?"

"రంజాను పాయసం. స్నేహితురాలింట్లో తిన్నాను. మా అమ్మాయికీ పట్టుకెళ్తున్నాను."

"మీరు తిన్నారా!" అని ఆవిడ కొంగు దగ్గరకు లాక్కుని బల్ల చివరికి జరిగింది.

ఖాళీ అయిన చోట కాళ్ళు చాపుకుని గుడివాడ దాకా హాయిగా కూర్చున్నాను.