చెట్టు దగ్గరి ముడి

రెడ్డిగూడెంలో మా మామిడి తోటలో కాయ కోసేవాళ్ళలో పోతురాజంత నెమ్మదైనవాడు లేడు. చిటారుకొమ్మన కూర్చుని, కాయకు దెబ్బ తగలకుండా బుట్టను తాడుతో కిందికి దింపేవాడు. కింద అతని భార్య రమణమ్మ అందుకునేది. అలాంటివాడికి ఒకటే బెంగ. ఇలాగే కోతల రోజుల్లో, మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుని, అతని తాత ఎటో వెళ్ళిపోయాడు. తండ్రీ అంతే. ఇద్దరూ మళ్ళీ రాలేదు. తనూ ఒకరోజు అలాగే పోతానేమోనని అతని భయం.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఆ బెంగ నూజివీడులో డాక్టరు దశరథరామయ్యగారికి చెప్పుకున్నాడు. ఆయన మంచివారే, కాకపోతే పిచ్చి గురించి పాతకాలం దొరలు రాసిన పుస్తకాలు తెగ చదివేవారు. "పెద్దల జ్ఞాపకాలు నరాల్లోకి దిగుతాయి పోతురాజూ. అవి లేచాయంటే మనిషి తన ఇష్టంతో నడవడు, వాళ్ళే నడిపిస్తారు" అన్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. భయపడి వచ్చినవాడికి చెప్పే మాటేనా అది?

ఆ ఏటి నుంచి కోతలప్పుడు అన్నం తినగానే పోతురాజు బుట్టతాడు కాలికి కట్టుకుని పడుకునేవాడు. రెండో కొసను రమణమ్మ చెట్టు మొదలుకు అవతలివైపు ముడెయ్యాలి. కాలి ముడి నువ్వే విప్పుకుని పోవచ్చుగా అని నేను ఆటపట్టిస్తే, "విప్పేలోగా రమణ పట్టుకుంటుందండీ" అనేవాడు. తోటంతా నవ్వేది. అతను మాత్రం నవ్వేవాడు కాదు, పాపం.

అరవై నాలుగులో అతని కూతురు నాగేంద్రమ్మ కూడా కాయలు ఏరడానికి వచ్చింది. చిన్నపిల్ల. అన్నాలయ్యాక పోతురాజు తన తాడు కట్టుకుని, ఇంకో తాడు తీసి పిల్ల కాలికి చుట్టడం మొదలుపెట్టాడు.

"దీనిదీ మా రక్తమేగా" అన్నాడు.

పిల్ల బిక్కమొహం వేసింది. నేను నోరు తెరిచేలోగా రమణమ్మ విసురుగా లేచింది.

"నీ తాడు లాగి చూడు మావా!"

లాగాడు. తాడు చెట్టు చుట్టూ జారి, సర్రున వచ్చి అతని ఒళ్ళో పడింది.

"నువ్వు తాడు కట్టుకోవడం మొదలెట్టిన మరుసటేడు నుంచే ముడెయ్యడం మానేశాను. ఊరికే చుట్టి వదిలేస్తున్నా."

పోతురాజు ఆ కొసను చేతిలోకి తీసుకున్నాడు.

"మరి నేనెందుకు పోలేదే?"

"నన్నడుగుతావేంటి? ఉన్నది నువ్వు."

అతను కూతురి కాలికి చుట్టిన తాడు తీసేశాడు. తన కాలి ముడి మాత్రం ఒక పట్టాన రాలేదు. రమణమ్మ సాయానికి వంగింది.

"ఉండు," అన్నాడు, "నేనే విప్పుకుంటా."